తెర వెనక కలం చప్పుడు

"నిన్న మధ్యాహ్నం మూడింటికి ఆ గదిలో ఎవరితో మాట్లాడావు, హమామా?"

లాకప్‌లో హమామా పోలీసులిచ్చిన దుప్పటి అంచు నుంచి దారం లాగుతూ కూర్చుంది. జోహరా ఈ ప్రశ్న అడగడం ఇది మూడోసారి.

"నీ గొంతు పక్కింటివాళ్ళు విన్నారు. చాలాసేపు మాట్లాడావట. ఆరింటికి నువ్వే అరిచి జనాన్ని పిలిచావు. చూస్తే మోరీ యిహ్యా తెర వెనక నేల మీద పడి ఉన్నాడు, తల వెనక దెబ్బతో. ఆ మధ్యలో గడప తొక్కినవాళ్ళు ఇంకెవరూ లేరు. రేపు పొద్దున నిన్ను జడ్జి ముందు నిలబెడతారు. నాతో కూడా చెప్పకపోతే అక్కడ నీ తరఫున నేనేం చెప్పను?"

"పొద్దుట్నుంచీ ఏమైనా తిన్నావా నువ్వు?" అంది హమామా.

జోహరా రాసుకుంటున్న పుస్తకం మీంచి తల ఎత్తింది. భర్త పోయాక ఆ మాట తనను అడిగినవాళ్ళు లేరు. ఆయన నడిపిన చిన్న డిటెక్టివ్ ఆఫీసును ఇప్పుడు ఆవిడే నడుపుతోంది. యెరూషలేములో ఆ పాతపేట యెమెన్ నుంచి వచ్చిన యూదుల్లో ఎవరికి పోలీసులతో పని పడినా ఆవిడ తలుపే తడతారు. పని అయ్యాక ఎవరిళ్ళకు వాళ్ళు పోతారు.

"తిన్నాలే. చెప్పు."

"మోరీతోనే మాట్లాడాను."

"ఆయన జవాబిచ్చాడా?"

"ఆ వేళప్పుడు ఎలా ఇస్తాడు?"

జోహరాకు విడమరిచి చెప్పక్కర్లేదు. వాళ్ళ భాషలో మోరీ అంటే గురువు; యిహ్యా తోరాను, అంటే యూదుల పవిత్రగ్రంథాన్ని, చేత్తో రాసే లేఖకుడు. పొద్దున చర్మపత్రం మీద మిగతా మాటలన్నీ రాసి, దేవుడి నామం రావలసిన చోటల్లా ఖాళీ వదిలేస్తాడు. రెండింటికి వీధి చివర శుద్ధిగుండానికి వెళ్ళి మునిగి వస్తాడు. వచ్చి తెర వేసుకుని ఆ ఖాళీలు నింపుతాడు. నామం రాస్తున్నప్పుడు రాజు వచ్చి పలకరించినా లేఖకుడు బదులు చెప్పడు.

"నువ్వు రోజూ పక్కగదిలోంచి ఆయనకు సూపు కుండ తీసుకెళ్ళేది ఆ వేళకేనా? ముందో వెనకో వెళ్ళొచ్చుగా."

"జవాబు రాదు కదా, అందుకే." హమామా మొదటిసారి కొంచెం నవ్వింది. "జవాబు రానప్పుడు ఏదైనా చెప్పుకోవచ్చు. మా పెద్దమ్మాయి ఫోను చెయ్యలేదనీ, మెంతులు చేదెక్కాయనీ, ఏదో ఒకటి. తెర వెనక ఒక మనిషి వింటున్నాడు, అది చాలు నాకు."

"నిన్న ఏం చెప్పావు?"

దారం తెగింది. ఆవిడ ఇంకోటి లాగడం మొదలుపెట్టింది.

"నా మోకాళ్ళు అరిగిపోయాయి మోరీ, ఇంక ఈ కుండ మొయ్యలేను అన్నాను. మీ గదీ నా గదీ కలిపి ఒకే పొయ్యి పెట్టుకుందాం, ఒకే బల్ల దగ్గర తిందాం అన్నాను. రాయడం అయ్యాక ఆలోచించి చెప్పండి అన్నాను."

జోహరా చేతిలోని పెన్సిల్ ఆగిపోయింది.

"రోజూ పని అవగానే కుండ కడిగి నా గుమ్మంలో పెట్టేవాడు. నిన్న పెట్టలేదు. చీకటి పడుతున్నా పెట్టలేదు. సరే, ఇదే జవాబు అనుకున్నాను. సిగ్గుతో చచ్చిపోయాను. చివరికి నా కుండ నేనే తెచ్చుకుందామని వెళ్తే, సూపు ముట్టకుండా అలాగే ఉంది."

"పోలీసులకు ఈ మాట చెప్పి ఉంటే..."

"ఆ ఇన్‌స్పెక్టర్ లాపిదోత్ నవ్వుతాడమ్మా! ముసలిదానికి మనువు కావాల్సొచ్చిందని స్టేషనంతా నవ్వుకుంటారు. నన్ను నవ్వితే పోనీ. పోయినాయన్ని కూడా కలిపి నవ్వుతారు."

"మోరీకి ఎవరితోనైనా గొడవ ఉందా?"

"ఆయన గొంతు పెంచడం ఒక్కసారే విన్నాను. పోయినవారం, బట్టలు ఆరేస్తుంటే. 'నువ్వు చెబుతావా, నన్ను చెప్పమంటావా? అవన్నీ పూడ్చాల్సిందే' అన్నాడు. ఎవరితోనో తెలీదు. అవతలాయన ఏడుస్తున్నాడు."

"ఏడ్చింది మగవాడేనని ఎలా తెలుసు?"

"ఎక్కిళ్ళు మింగుతూ ఏడ్చాడు. ఆడవాళ్ళం అలా ఎందుకు ఏడుస్తాం?"

*

ఇన్‌స్పెక్టర్ లాపిదోత్ మోరీ గది గుమ్మంలో సిగరెట్ ముట్టించుకుంటున్నాడు.

"రండి రండి, జోహరా గారూ. మీ ఆయన పోతే మీరు డిటెక్టివ్ అయ్యారు. రేపు మా డాక్టరు పోతే వాళ్ళావిడ ఆపరేషన్లు మొదలుపెడుతుందేమో."

"చావు ఏ వేళప్పుడు జరిగిందో మీ డాక్టరు చెప్పలేకపోయాడట కదా. ఆవిడే నయమేమో. సిగరెట్ బయట పారెయ్యండి, లోపల చర్మపత్రాలున్నాయి."

ఆయన నవ్వి, సిగరెట్ పారేసి, తెర పక్కకు లాగాడు.

"డాక్టరు తప్పేం లేదు. శవం పక్కనే కిరసనాయిలు హీటరు పూర్తి మంట మీద ఉంది. ఆ వేడికి ఎవరూ లెక్క కట్టలేరు. అందుకని నేను ఇంకో గడియారం చూశాను. అదిగో."

బల్ల మీద తెల్లటి గుడ్డ కప్పి ఉంది. జోహరా గుడ్డ ఎత్తింది. పత్రం మీద నల్లటి అక్షరాలు బారులు తీరి ఉన్నాయి. ఎక్కడా ఖాళీ లేదు.

"పేటంతా ఒకటే మాట. రెండింటికి గుండం, ఆ తర్వాత నామాలు," అన్నాడు లాపిదోత్. "నామాలన్నీ నిండాయి. అంటే మూడు దాటేదాకా మనిషి బతికే ఉన్నాడు. మూడింటికి వచ్చింది ఎవరు? కుండావిడ. లోపల చాలాసేపు మాట్లాడింది ఎవరు? కుండావిడ. ఏం మాట్లాడావంటే నోరు విప్పనిది ఎవరు?"

"రెండింటికి ఆయన గుండానికి వెళ్ళడం ఎవరు చూశారు?"

"అక్కడేమైనా రిజిస్టరు పెడతారా? కాపలావాడు మధ్యాహ్నం కునుకు తీస్తాడు. రోజూ వచ్చేవాడే, నిన్నా వచ్చే ఉంటాడు అన్నాడు."

జోహరా హీటరు దగ్గర కూర్చుంది. దాని మంట మొహం గోడ మూలకు తిరిగి ఉంది. శవం ఆ మూలనే దొరికింది. బల్ల ఈ చివర.

"మోరీ ఈ గదిలో హీటరు వెలిగించడు," అంది. "వేళ్ళు కొంకర్లు పోయినా వెలిగించడు. వేడికి చర్మం ముడుచుకుపోతుంది. నిన్న వెలిగించినవాడికి కూడా ఆ సంగతి తెలుసు. శవానికి వేడి తగలాలి, పత్రానికి తగలకూడదు. అందుకే అటు తిప్పాడు. పత్రం మీద గుడ్డ కూడా కప్పాడు."

"పక్కింట్లో ఉండే హమామాకు కూడా తెలుసుగా."

జోహరా వసారాలోకి వచ్చింది. మేకుకు మోరీ తువ్వాలు వేలాడుతోంది, నాలుగు మడతలు పెట్టి. దాన్ని పట్టుకుంది. గంజి పెట్టినట్టు బిరుసుగా, పొడిగా ఉంది. అదే చూరు కింద, పక్కనే తాడు మీద హమామా మొన్న ఆరేసిన చొక్కా ఉంది. జోహరా దాని చెయ్యి పిండింది. అరచెయ్యి తడిసింది.

"మొన్నటి చొక్కా ఈ చలికి ఇంకా ఆరలేదు, ఇన్‌స్పెక్టర్ గారూ. నిన్న మధ్యాహ్నం వాడిన తువ్వాలు ఎలా ఆరింది?"

"హీటరు వేడికి."

"ఆ వేడి తెర దాటి, తలుపు దాటి వచ్చి, చొక్కాను వదిలేసి తువ్వాలును ఒక్కదాన్నే ఆరబెట్టిందా?"

లాపిదోత్ మొహం కొంచెం ఎర్రబడింది. "సరే, స్నానం ఎగ్గొట్టాడు. ముసలాయన, పైగా చలి. మునగకుండానే రాసుకున్నాడు."

"మోరీ మునగకుండా నామం రాశాడని అన్నదెవరు?"

మెట్ల దగ్గర నిలబడి ఉన్నాడు అవిగద్. మోరీ శిష్యుడు, తనూ లేఖకుడే. నలభై దాటి ఉంటాయి. గురువు పోయినందుకు చొక్కా రొమ్ము దగ్గర చింపుకుని ఉన్నాడు. కోపంగా రెండు మెట్లు ఎక్కి వచ్చాడు.

"ఆయనకు జ్వరం వస్తే ఆ నెలంతా ఖాళీలు ఖాళీలుగానే ఉన్నాయి. ప్రాణం పోయినా ఆ పని చెయ్యడు. ఆయన గురించి అలాంటి మాట అనకండి."

"ఊరికే అన్నాలేవయ్యా," అన్నాడు లాపిదోత్.

"మరి తువ్వాలు పొడిగా ఎందుకుంది, అవిగద్?" అంది జోహరా.

అవిగద్ తువ్వాలు వైపు చూశాడు. కోపం ఎక్కడికో పోయింది. "ఇంకోటి ఉండి ఉంటుంది. ఆయన... వెళ్ళే ఉంటాడు." తుమ్మాడు. తుమ్మి, చింపుకున్న చొక్కా దగ్గరికి లాక్కున్నాడు.

"గొంతు బాగా పట్టేసినట్టుందే."

"రోష్ హాయిన్ ఊళ్ళో మా మేనకోడలి పెళ్ళి గోరింటాకు వేడుక. నిన్న ఒంటిగంట బస్సుకు వెళ్ళాను. రాత్రంతా పాడించారు."

"నేను వాకబు చేశాను," అన్నాడు లాపిదోత్. "బస్సు డ్రైవరుతో సహా అందరూ గుర్తుపట్టారు. వీధిలో ఎవరి మీద పడితే వాళ్ళ మీద పడకండి, జోహరా గారూ."

అవిగద్ చేతులు జోడించినంత పని చేశాడు. "సార్, చివరి పత్రం ఒకటి మిగిలిపోయింది. మాటలన్నీ మోరీయే రాసి పెట్టాడు, నామాలే ఖాళీ. ఆదివారం గ్రంథాన్ని ఊరేగించాలి. ఆయన బల్ల మీదే పూర్తిచేస్తాను, ఒప్పుకోండి."

"మా పనయిపోయింది. సాయంత్రం రాసుకో. బయట మా కానిస్టేబులు ఉంటాడు." లాపిదోత్ టోపీ పెట్టుకున్నాడు. "జోహరా గారూ, మీరు మాత్రం రేపు కోర్టుకు ఆ తువ్వాలు మర్చిపోకుండా తీసుకురండి. జడ్జి గారు చేతులు తుడుచుకుంటారు."

*

శుద్ధిగుండానికి పోయే సందులో నడుస్తూ జోహరా ఒకే సంగతి తిప్పితిప్పి ఆలోచించింది. మోరీ నిన్న గుండానికి వెళ్ళలేదు. కాబట్టి ఆ నామాలు ఆయన రాయలేదు. రాసినవాడు మోరీ అక్షరాన్ని అచ్చంగా దింపగలవాడు. పత్రానికి సెగ తగలకుండా చూసుకున్నవాడు. అలాంటివాడు చెయ్యి రక్తం చేసుకుని, అదే చేత్తో, నీళ్ళలో మునగకుండా ఆ నామం రాస్తాడా?

లాపిదోత్‌ని అడిగితే, చంపినవాడికి స్నానమొక లెక్కా అంటాడు. ఈ పేటలో పుట్టినవాళ్ళెవరూ ఆ మాట అనరు.

"అక్కడే ఆగమ్మా, అక్కడే!" గుండం కాపలా ముసలాయన సాలెం చీపురు అడ్డం పెట్టాడు. "ఇది మగాళ్ళది. నీ గొంతు లోపలికి రావొచ్చు గానీ నువ్వు రాకూడదు."

"రానులే. ఒక్క మాట చెప్పు. నిన్న..."

"మోరీ సంగతేగా? ఆ పోలీసాయనకు చెప్పాను. నిద్రపోయాను. నిద్రపోవడం నేరమా?"

"మోరీ సంగతి కాదు. నీళ్ళు కాచే బాయిలరు ఎప్పుడు వెలిగిస్తావు?"

"ఒంటిగంటకు. అంతకుముందు ఆ నీళ్ళలో చేప కూడా ఉండదు."

"నిన్న బాయిలరు వెలిగించకముందు ఎవరైనా మునిగారా?"

లోపల నీళ్ళు కదిలిన చప్పుడు. ఎవరో మునిగి లేచారు. సాలెం చీపురు మీద ఆనుకుని నవ్వాడు.

"ఒక పిచ్చోడు మునిగాడు. మన అవిగదే. పన్నెండు కూడా కాలేదు. దవడలు టకటకా కొట్టుకుంటున్నాయి. గంట ఆగవయ్యా, నీళ్ళు కాగుతాయి, చస్తావు అన్నాను. బస్సు తప్పిపోతుంది అన్నాడు. సరే పోనీ అనుకుంటే, ఒళ్ళు తుడుచుకుని మెట్లెక్కినవాడు మళ్ళీ వెనక్కి తిరిగాడు. సరిపోలేదేమో అంటూ బట్టలు విప్పి మళ్ళీ మునిగాడు. గోరింటాకు పాటలకు ఇంత శుద్ధి ఎందుకురా అని నవ్వాను. నావైపు చూడనైనా లేదు."

లోపల ఇప్పుడు ఏ చప్పుడూ లేదు.

"ఈ మాట లాపిదోత్‌కు చెప్పాలి సాలెం. ఇప్పుడే. హమామా ప్రాణం దీని మీద ఉంది."

"హమామా సూపు నేనూ తాగానమ్మా, చెప్పకుండా ఉంటానా! ప్రార్థన అయ్యాక, తాళం వేసి వెళ్తాను. లోపల ఎవరో ఉన్నారు కదా, కునుకులో మొహం చూడలేదు."

జోహరా మూలమీది కొట్టుకు వెళ్ళి స్టేషనుకు ఫోను చెయ్యడానికి టోకెన్ వేసింది. లాపిదోత్ లేడు, ఎవరు మాట్లాడేదని అడిగింది అవతలి గొంతు. పేరు చెప్పేలోగా లైను తెగింది. కొట్టువాడి దగ్గర ఇంకో టోకెన్ లేదు. పేటలో మగవాళ్ళంతా సాయంత్రం ప్రార్థనకు పోతున్నారు. మోరీ వాకిట్లో ఉన్న కానిస్టేబుల్‌ని పంపుదామని అటు నడిచింది.

వాకిట్లో కానిస్టేబుల్ స్టూలు ఖాళీగా ఉంది. దాని మీద సగం తాగిన టీ గ్లాసు. మెట్ల మీద నీటిచుక్కలు కనిపించాయి. పొద్దుట్నుంచీ వాన లేదు.

ఆవిడ వసారాలో ఆగిపోయింది. మేకుకు మోరీ పొడి తువ్వాలు అలాగే ఉంది. దాని పక్క మేకుకు ఇంకో తువ్వాలు వేలాడుతోంది. కొసల నుంచి నీళ్ళు బొట్లు బొట్లుగా రాతి మీద పడుతున్నాయి.

ఇందాక నీళ్ళలో ఉన్నది ఎవరో అప్పుడు తెలిసింది. చీపురు ఆపినంత మాత్రాన గొంతు ఆగదని సాలెమే అన్నాడు.

గదిలో నుంచి సన్నని చప్పుడు వస్తోంది. చర్మం మీద ఈక కలం గీసుకుంటున్న చప్పుడు.

వెనక్కి వెళ్ళిపోవచ్చు. కానీ తను వెళ్ళి మనుషుల్ని పోగుచేసుకు వచ్చేలోపు ఇతను పత్రం ముగించి ఏ బస్సో ఎక్కితే, రేపు పొద్దున జడ్జి ముందు హమామా ఒక్కతే నిలబడుతుంది. జోహరా లోపలికి అడుగుపెట్టింది. తెర వేసి ఉంది.

"అవిగద్."

జవాబు లేదు. కలం కదులుతూనే ఉంది. హమామా నిన్న కుండ పట్టుకుని నిలబడింది సరిగ్గా ఈ రాయి మీదే అయి ఉంటుంది. ఇక్కణ్ణుంచి తెర నేత తప్ప మరేం కనిపించదు. వెనక బతికిన మనిషి ఉన్నా ఇంతే, లేకపోయినా ఇంతే.

"నామం రాస్తున్నావు కాబోలు. అది అయ్యేదాకా నోరు విప్పవని తెలుసు. విను. మోరీ చనిపోయింది నిన్న మధ్యాహ్నం కాదు, పొద్దునే. ఆ తర్వాత నువ్వు చన్నీళ్ళలో రెండుసార్లు మునిగి వచ్చి ఆ ఖాళీలు నింపావు. నువ్వు బస్సెక్కాక కూడా ఆయన బతికే ఉన్నాడని అందరూ అనుకోవాలి. అందుకు ఎవరో ఒకరు బలవుతారని నీకు తెలుసు. ఆ ఎవరో హమామా అయింది."

కలం చప్పుడు వేగం తగ్గలేదు, పెరగలేదు.

"పోయినవారం మోరీ 'అవన్నీ పూడ్చాల్సిందే' అన్నాడు. మనం మనుషుల్ని పూడుస్తాం. చెల్లని తోరా గ్రంథాల్ని పూడుస్తాం. అవి నువ్వు రాసినవేనా? నిన్న ఇక్కడ నిలబడి ఒకావిడ ఒక మాట అడిగింది, జవాబు లేకుండా వెళ్ళింది. నేను మాత్రం తీసుకునే వెళ్తాను."

చప్పుడు ఆగింది. కలాన్ని గిన్నెలో పెట్టిన శబ్దం. గుడ్డ కప్పిన శబ్దం. తెర పక్కకు జరిగింది.

అవిగద్ జుట్టు తడిగా ఉంది. నీళ్ళు పత్రం మీద పడకుండా మెడ చుట్టూ గుడ్డ కట్టుకున్నాడు. బొంగురు గొంతుతో, పాఠం అప్పజెప్పినట్టు మెల్లగా మాట్లాడాడు.

"నా భార్య చనిపోయిన ఏడాది నేను రాసిన గ్రంథాలు అవి. ప్రతి నామానికి ముందు, పవిత్రత కోసం రాస్తున్నానని పైకి అనాలి కదా, అనకపోతే గ్రంథం చెల్లదు. నోరు తెరిస్తే ఏడుపు వచ్చేది. అందుకని అనకుండానే రాశాను. ఏడాదంతా. గదిలో నేనొక్కణ్ణే, ఎవరు విన్నారు గనక? కానీ మొయ్యలేకపోయాను. మోరీకి ఒక్కడికే చెప్పుకున్నాను. ఓదారుస్తాడనుకున్నాను. పూడ్చమన్నాడు. నిన్న కాళ్ళు పట్టుకుంటే విడిపించుకున్నాడు. నేను లేచి తోశాను. రాతిగట్టు తగిలింది."

"అదే లాపిదోత్‌తో చెప్పు. తోశానని చెప్పు. హమామా ఇంటికొస్తుంది."

"చెబితే ఆ గ్రంథాలు పూడుస్తారు. మూడు ప్రార్థనాలయాల్లో ఉన్నాయవి. ఎంతమంది వాటిని ముద్దు పెట్టుకున్నారో!" అతను ఆవిడ పక్కనుంచి నడిచి వెళ్ళి బయటి తలుపు మూశాడు. అంతా ఎంతో మర్యాదగానే చేశాడు. "నీళ్ళలో ఉండగా మీ మాటలు విన్నాను. సాలెం ప్రార్థన అయ్యేదాకా కదలడు. దారిలో అతన్ని కలుస్తాను. ముందు మీరు చెప్పండి, జోహరా గారూ. ఈ సంగతి ఇంకెవరికి చెప్పారు?"

ఒక్క పేరు కూడా లేదు చెప్పడానికి. కానిస్టేబులు ఎక్కడికి పోయాడో తెలీదు. ఇంట్లో తన కోసం ఎదురుచూసేవాళ్ళు లేరు. రాత్రికి రాకపోతే ఎక్కడికెళ్ళిందని అడిగే మనిషి ఊరంతటిలో ఒక్కతే ఉంది, ఆవిడ లాకప్‌లో ఉంది.

అవిగద్ గడియ మీద చెయ్యి పెట్టి, ఆవిడ మొహంలోకి చూస్తూ ఆగాడు.

జోహరా నోరు విప్పలేదు. తను ఎవరెవరికి చెప్పి ఉంటుందో, ఆ లేని మనుషుల్ని అతనే లెక్కపెట్టుకోనీ అనుకుంది.

లోపలి గడియ పడింది.